కొలిమి చుక్కల్లో దూలం: ఎనిమిది అంగుళాల అద్దం డైరీ

జూన్ 29, ఆదివారం

రథయాత్ర అయి రెండు రోజులు. పర్లాకిమిడిలో వాన పట్టుకుంది, షాపులో బేరం లేదు. కళ్లద్దాలు మార్చుకోవడం ఎవరికీ అంత అర్జంటు పని కాదు, వాన తగ్గాక చూద్దాంలే అనుకుంటారు. ఈ ఖాళీలో మొదలుపెట్టకపోతే ఇంకెప్పుడూ పెట్టనని నిన్న రాత్రి పార్సిల్ విప్పేశాను. ఎనిమిది అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గుండ్రటి గాజు బిళ్లలు రెండు. ఒకటి టెలిస్కోపు అద్దం అవుతుంది, రెండోది దాన్ని అరగదీసే పనిముట్టు.

"కొనుక్కుంటే పోదా?" అంది మా ఆవిడ. పోతుంది. కానీ ఇరవై రెండేళ్లుగా ఊరందరికీ అద్దాలు అమ్ముతున్నాను, నా చేత్తో తయారుచేసింది ఒక్కటీ లేదు. లెన్సులు ఫ్యాక్టరీ నుంచి వస్తాయి, నేను అంచు అరగదీసి ఫ్రేములో బిగిస్తాను, అంతే.

రేపు మాట మార్చకుండా లక్ష్యం ఇక్కడే రాసి పెడుతున్నాను. ఎన్‌జీసీ 1365 అనే గెలాక్సీ నడుమ ఉన్న దూలాన్ని నా కంటితో చూడాలి. ఫొటోలో చాలాసార్లు చూశాను. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసింది చూశాను, దాని తర్వాత వచ్చిన వెబ్ తీసిందీ చూశాను. మధ్యలో మెరిసే గుజ్జు, దానికి అటూ ఇటూ తిన్నగా సాగిన కడ్డీ, కడ్డీ రెండు చివర్ల నుంచి వంపు తిరిగిన చేతులు. దూరం సుమారు 5.6 కోట్ల కాంతి సంవత్సరాలు. ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు లక్షల కాంతి సంవత్సరాలు, అంటే మన పాలపుంతకి రెట్టింపు. ఇంత పెద్దదీ ఇక్కడి నుంచి చూస్తే పున్నమి చంద్రుడి వెడల్పులో మూడో వంతు మాత్రమే ఉంటుంది, పైగా చాలా మసక.

ఉన్నది ఫోర్నాక్స్ అనే నక్షత్రమండలంలో. ఫోర్నాక్స్ అంటే కొలిమి. ఫ్రాన్సు నుంచి లకాయ్ అనే ఆయన 1751, 52లలో దక్షిణాఫ్రికా కొసన కూర్చుని దక్షిణాకాశం చుక్కలు లెక్కేశాడు. మిగిలిపోయిన ఖాళీలకు పనిముట్ల పేర్లు పెట్టుకుంటూ పోయాడు. మన పాత చుక్కల కథల్లో, వాళ్ల పాత చుక్కల కథల్లో ఎక్కడా లేని కొలిమి అలా ఆకాశంలోకి ఎక్కింది. నాకైతే నచ్చింది.

జులై 13

అరగదీత. నూనె డ్రమ్ములో ఇసుక నింపి పెరటి షెడ్డులో పెట్టాను. దానిమీద కింది బిళ్ల, దానిమీద 80 నంబరు కార్బోరండం పొడి, కాసిని నీళ్లు, ఆపైన అద్దం కావలసిన బిళ్ల. ముందుకీ వెనక్కీ తోస్తూ, డ్రమ్ము చుట్టూ ఒక్కో అడుగు నడుస్తూ, బిళ్లను కూడా కొంచెం కొంచెం తిప్పుతూ ఉండాలి. పైబిళ్ల అంచు దాటి బయటికి వెళ్లినప్పుడల్లా బరువంతా దాని నడుమ, కింది బిళ్ల అంచు మీద పడుతుంది. అందుకే పైది గుంటపడుతుంది, కిందిది బుడిపెలా అవుతుంది. ఎవరూ కొలిచి చెక్కనక్కర్లేదు, రాపిడే గోళాకారాన్ని తెస్తుంది.

కావలసిన లోతు 2.1 మిల్లీమీటర్లు. అంతే. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి దాని కిందికి డ్రిల్ బిట్ దూర్చి చూస్తున్నాను. నాలుగు సాయంత్రాలు, తొమ్మిది గంటలు. ఇవాళ రెండు మిల్లీమీటర్ల బిట్ బిగుతుగా దూరింది.

పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి, "ఏటండీ, రాత్రిపూట రుబ్బురోలు చప్పుడు?" అని అడిగాడు. చుక్కల కోసం అన్నాను. ఇంకేం అడగలేదు.

ఆగస్టు 10

120, 220, 400 నంబరు పొడులు అయ్యాయి, నంబరు పెరిగేకొద్దీ పొడి మెత్తన. 400లో గీత పడింది. గోటిసందులో దాక్కున్న ముతక రేణువు ఒకటి చాలు. గది కడిగి, బకెట్లు మార్చి, గోళ్లు తీసుకుని మళ్లీ 220కి వెళ్లాను. ఒక వారం పోయింది.

సెప్టెంబర్ 7

పాలిష్ పడకేసింది. తప్పు నాదే. పాలిష్‌కి కావలసిన సీరియం ఆక్సైడ్ షాపు సరుకే కాబట్టి ఈ దశ నాకు సులువని ధీమా పడ్డాను. కానీ పొడి ఒక్కటే చాలదు, అది కూర్చునే మెత్త సరిగ్గా ఉండాలి. తారులాంటి పిచ్ కరిగించి కింది బిళ్ల మీద పోసి, గడులుగా గాట్లు పెట్టాలి. ఎండ కాసిన రోజు షెడ్డులో 33 డిగ్రీలుంటే ఆ పిచ్ సాయంత్రానికి గాట్లన్నీ పూడిపోయి హల్వాలా ఒరిగిపోతోంది. చివరికి రేడియో రిపేరు షాపులో సోల్డరింగ్‌కి వాడే రోజిన్ గడ్డ తెచ్చి, పొడికొట్టి, పిచ్‌లో కలిపి మళ్లీ కాచాను. బొటనవేలి గోరు పది లెక్కపెట్టే వరకు నొక్కితే చిన్న గుర్తు పడాలి. మూడోసారికి అలా కుదిరింది.

రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. అమ్మాయి కేకేస్తే పిచ్ చేతులతోనే బయటికి పరిగెత్తాను. మబ్బు సందులో ఎర్రగా ఒక్కసారి కనబడి దాక్కున్నాడు.

సెప్టెంబర్ 28

ఇవాళ్టిది కొంచెం వివరంగా రాయాలి.

అద్దం మెరుస్తోంది, కానీ మెరిసిన ప్రతి గాజూ అద్దం కాదు. గోళాకారంలో ఉన్నదాన్ని పారాబొలాకి, అంటే దూరపు వెలుగునంతా ఒక్క చుక్కలో చేర్చే వంపుకి తేవాలి. ఆ రెండిటికీ తేడా అంచు దగ్గర ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా లేదు. దాన్ని కొలవడానికి కావలసింది గడ్డం గీసుకునే బ్లేడు, ఒక ఎల్‌ఈడీ. 1850ల చివర్లో ఫూకో అనే ఫ్రెంచాయన కనిపెట్టిన పద్ధతి. అద్దాన్ని గోడవారగా నిలబెట్టి, 2.4 మీటర్ల దూరంలో సన్నటి చీలికలోంచి వెలుగు వేయాలి. తిరిగొచ్చిన వెలుగు ఎక్కడ కలుస్తుందో అక్కడ బ్లేడును మెల్లిగా అడ్డం పెట్టి, బ్లేడు పక్కనుంచి అద్దాన్ని చూడాలి. గోళమైతే అద్దమంతా ఒక్కసారే బూడిదరంగు అవుతుంది. పారాబొలా అయితే గారె కనబడుతుంది. నిజంగా గారె. నడుమ గుంట, చుట్టూ ఉబ్బు, ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ. ఆ గారె ఎంత లోతుండాలో బ్లేడును ముందుకీ వెనక్కీ జరిపి లెక్కేస్తాం. నా అద్దానికి నడుమకీ అంచుకీ మధ్య బ్లేడు జరగాల్సింది 4.2 మిల్లీమీటర్లు. ఇవాళ 3.9 వచ్చింది. అంచు కొద్దిగా వాలింది, అది కూడా నీడలో దొరికిపోయింది.

అమ్మాయి నమ్మలేదు. పదో తరగతి, ఏదీ ఊరికే నమ్మదు. అద్దం మీద బొటనవేలు ఒక నిమిషం ఆనించమన్నాను. వేలు తీశాక బ్లేడు వెనకనుంచి చూపించాను. వేలు పెట్టినచోట చిన్న గుట్ట లేచి ఉంది. ఒంటి వేడికి గాజు ఉబ్బింది. చూస్తుండగానే అది చల్లారి, చదునై, మాయమైంది.

"నాన్నా, మళ్లీ పెడతాను."

ఆరుసార్లు పెట్టింది. ఆ రాత్రికి ఇంకేం కొలవలేకపోయాను, అద్దం గంటవరకు కుదుటపడలేదు.

అక్టోబర్ 5

దసరా అయింది, వడ్రంగి మావయ్య దొరికాడు. చుట్టం కాదు, చిన్నప్పటి నుంచి అలా పిలవడం అలవాటు. ప్లైవుడ్‌తో నలుపలకల గొట్టం, దాన్ని మోసే పెట్టె, పెట్టె తిరిగే పీట. పీట మధ్య సన్‌మైకా, దానికింద మూడు టెఫ్లాన్ ముక్కలు. వేలితో తోస్తే కదలాలి, వదిలేస్తే ఆగాలి. ఈ తీరు పెట్టెను పేరులోకి తెచ్చిన జాన్ డాబ్సన్ అమెరికాలో రామకృష్ణ సంప్రదాయపు మఠంలో 23 ఏళ్లు సన్యాసిగా ఉన్నాడు, దొంగచాటుగా అద్దాలు అరగదీస్తూ. 1967లో మఠం వదలాల్సి వచ్చింది. ఈ కథ చెప్తే మావయ్య నవ్వి, "అలగైతే ఇది సన్నాసి పీట" అన్నాడు. పేరు ఖాయమైపోయింది.

అద్దం కింద పెట్టే ఇనుప పట్టీల కోసం సంతలో కత్తులు సాగదీసే కమ్మరి దగ్గరికి వెళ్లాను. కొలిమి చుక్కల కోసం కొలిమిలోనే పని.

దిక్కు చూపే ఎలక్ట్రానిక్స్ ఏమీ పెట్టడం లేదు. మన ఒడిశా ఆయన పఠాణి సామంత, 1835లో ఖండపడాలో పుట్టినవాడు, కర్రతో టి ఆకారంలో చేసుకున్న మానయంత్రం పట్టుకుని ఆకాశాన్ని కొలిచాడు. టెలిస్కోపు లేకుండానే సిద్ధాంత దర్పణం రాశాడు, అది 1899లో అచ్చయింది. ఆయన పుట్టిన ఒడిశాలోనే ఉండి ఫోన్ యాప్ చూసి గురిపెట్టడం నామోషీగా తోచింది. కోణమానికి దారం, దారానికి గుండు కట్టి గొట్టం పక్కన బిగించాం. లెక్క ఇలా ఉంది. 90లోంచి మన అక్షాంశం 18.8 తీసేయాలి, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖకు) గెలాక్సీ దక్షిణంగా ఉన్న 36.1 కూడా తీసేయాలి. 35.1 డిగ్రీలు. సరిగ్గా దక్షిణాన అంత ఎత్తులోకి వచ్చినప్పుడు పట్టుకోవాలి. ఢిల్లీలో అయితే 25 డిగ్రీలే, దుమ్ములో పోయేది.

గీత గీసేటప్పుడు మావయ్య పెన్సిల్‌ని బల్బుకి మరీ దగ్గరగా తీసుకెళ్తున్నాడు. బల్బు చుట్టూ రింగులు కనబడుతున్నాయట. షాపుకి రమ్మన్నాను, వస్తాలే అన్నాడు.

అక్టోబర్ 26

అద్దానికి అల్యూమినియం పూత వేయించడానికి పంపాను. పూత బ్రహ్మాండంగా వచ్చింది. దారిలో ఎవరి చేతిలో పడిందో, డబ్బా ఒక మూల నలిగి వచ్చింది. అంచున 8 మి.మీ. పొడవు, 3 మి.మీ. లోతు పెచ్చు లేచిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్న లెక్క వేశాను. అద్దం వైశాల్యంలో అది వెయ్యో వంతు కూడా కాదు. వెలుగు తగ్గదు. పెచ్చు మీద నల్లరంగు పూశాను, కోపం మాత్రం ఇంకా ఉంది.

నవంబర్ 22, శనివారం

మొదటి రాత్రి. మహేంద్రగిరి వైపు మా బావమరిది జీడితోట. దక్షిణాన పాతపట్నం, టెక్కలి వైపు వెలుగు కొంచెం ఉంది కానీ 35 డిగ్రీల ఎత్తుకి రాలేదు. ధ్రువ నక్షత్రానికి వీపు పెట్టి తాడు పరిచి ఉత్తర దక్షిణాలు కుదుర్చుకున్నాం.

గెలాక్సీ దక్షిణరేఖ మీదికి వచ్చే టైమ్ 11:20. తాడు కాలికి తగులుకుని, దాన్ని విప్పి, గొట్టం మళ్లీ నిలబెట్టేసరికి కొంచెం ఆలస్యమైంది. కన్ను పెట్టగానే గుండ్రటి మసక వెలుగు! పక్కనే దానికో చిన్న తమ్ముడు. గావుకేక పెట్టాను. బావమరిది పరిగెత్తుకొచ్చాడు, పాము అనుకుని.

ఇంటికొచ్చి పటం తీస్తే అర్థమైంది. నేను చూసింది ఎన్‌జీసీ 1399, పక్కది 1404. రెండూ అదే కొలిమి గెలాక్సీ గుంపులోవే, కానీ నాకు కావలసింది కాదు. 1399 దక్షిణరేఖకు అయిదు నిమిషాలు వెనకగా వస్తుంది, ఎత్తు ముప్పాతిక డిగ్రీ ఎక్కువ. తాడు విప్పిన అయిదు నిమిషాల్లో ఆకాశం జరిగిపోయింది. ఎత్తు తేడా నా గుండు దారం తప్పులోనే కలిసిపోయింది. పఠాణి సామంత ఉంటే చెవి మెలేసేవాడు.

డిసెంబర్ 19

9:34. ఈసారి పది నిమిషాల ముందే గురిపెట్టి కూర్చున్నాను. దొరికింది. నడుమ కాస్త గట్టిగా, చుట్టూ ఊపిరి తగిలిన గాజులా. దూలం లేదు. కోతలైన పొలాల పొగ గాలిలో ఉంది, పదిన్నరకల్లా గొట్టం పైచివర వెలుగును కంటివైపు మళ్లించే చిన్న అద్దం మీద మంచు పట్టింది. మూసేశాం.

చూసినంతసేపూ ఆ మరకలో ఏం ఉందో అమ్మాయికి చెప్తూ కూర్చున్నాను. ఆ నడుమ 20 లక్షల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం ఉంది. అది ఎంత జోరుగా తిరుగుతోందో 2013లో నూస్టార్, ఎక్స్‌ఎంఎం న్యూటన్ అనే రెండు ఎక్స్‌రే టెలిస్కోపులు కలిసి కొలిచాయి. ప్రకృతి ఒప్పుకునే గరిష్ఠ వేగానికి దగ్గర్లో ఉందని తేలింది. దూలం పనేమిటంటే బయటి వాయువును లోపలికి జార్చడం. ఏతంలా కాదు, కాలువలా. దూలం వెంబడి వాయువు ఒరుసుకుని వేగం కోల్పోతుంది, నడుమకు దిగుతుంది, అక్కడ కొత్త నక్షత్రాలు పుడతాయి, కొంత ఆ బిలం నోట్లోకీ పోతుంది. ఆ దూలం ఒక్క చుట్టు తిరగడానికి సుమారు 35 కోట్ల ఏళ్లు. మన పాలపుంతకీ ఇలాంటి దూలం ఉంది, కానీ మనం ఇంట్లోనే ఉన్నాం కనుక కప్పు కనబడదు.

ఒక సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపుమంట. 2012 అక్టోబర్ 27న ఇదే గెలాక్సీలో సూపర్‌నోవా, అంటే పేలిపోయిన నక్షత్రం బయటపడింది, పేరు 2012ఎఫ్‌ఆర్. నవంబర్‌లో 12వ మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) వరకు వెలిగింది, అంటే నా అద్దానికి అందేదే. అప్పుడు నేను షాపులో ఫ్రేములు సర్దుకుంటూ ఉన్నాను. కోట్ల ఏళ్లు నడిచొచ్చిన వెలుగు మా ఊరి కప్పుల మీద పడి ఊరికే పోయింది.

జనవరి 17, శనివారం

పండగ గాలికి పొగ కొట్టుకుపోయింది. అరిసెలు, చలికి దుప్పట్లు, సన్నాసి పీట, అందరం మళ్లీ తోటలో. ఈసారి మావయ్య కూడా వచ్చాడు, తన పీట ఎలా తిరుగుతోందో చూడ్డానికి. టైమ్ 7:40. చిన్న అద్దానికి నల్లట్ట తొడుగు చేశాను, మంచు రాలేదు.

ఆరున్నర నుంచి ఫోన్లన్నీ సంచీలో వేయించాను. కన్ను చీకటికి అలవాటు పడడానికి అరగంట కావాలి, ఒక్కసారి తెర వెలిగితే మళ్లీ మొదటికి. నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని 25 ఎంఎం ఐపీసుతో (కన్ను ఆనించి చూసే కటకంతో) పట్టుకుని, 12కి మార్చాను. వంద రెట్లు. తిన్నగా చూస్తే నడుమ చుక్క తప్ప ఏమీ లేదు.

ఇది నా వృత్తిలో రోజూ పనికొచ్చే విషయమే. కంటి నడిబొడ్డున మసక వెలుగును పట్టే కణాలు లేవు. అక్కడున్నవి అక్షరాలు చదవడానికి, రంగులు చూడడానికి. చీకటి కణాలు పక్కన ఉంటాయి. అందుకే కొంచెం పక్కకు చూడాలి. ఏ పక్కకో కూడా లెక్క ఉంది. కుడికన్నయితే చూపును కుడికి జరపాలి, అప్పుడు గెలాక్సీ ముక్కువైపు పడుతుంది. ఎడమకు జరిపితే చెవివైపు పడుతుంది, అక్కడ అంధబిందువు కాచుకుని ఉంటుంది, మింగేస్తుంది. డిసెంబర్‌లో నేను సగంసేపు ఎడమకే చూసి ఉంటాను.

కుడికి జరిపాను. గొట్టాన్ని వేలితో చిన్నగా తట్టాను, బొమ్మ వణికింది. వణుకులో గీత వచ్చింది. నడుమ చుక్కకు రెండు పక్కలా, సన్నగా, పొట్టిగా. పోయింది. మళ్లీ వచ్చింది. పావుగంటలో ఏడెనిమిది సార్లు, ప్రతిసారీ అదే వాటంలో.

అయినా నమ్మకూడదు. నా తలకాయలో ఫొటో ఉంది. అక్షరాలు ముందే చదివి వినిపించి, గోడమీది చార్టు చదవమంటే అది పరీక్షా? అందుకే అమ్మాయికి ఈ గెలాక్సీ ఫొటో ఇంతవరకు చూపించలేదు, దూలం ఏ దిక్కుగా ఉంటుందో చెప్పలేదు. తెల్లకాగితం మీద గుండ్రం గీసి ఇచ్చి, ఎర్రగుడ్డ చుట్టిన టార్చి ఇచ్చి, "నీకు కనబడిందే గియ్యి, కనబడకపోతే కనబడలేదని రాయి" అన్నాను. నేను వేరే కాగితం మీద గీసుకుని మడతపెట్టాను.

ఇరవై నిమిషాలు తీసుకుంది. "నాన్నా, మొదట ఏదీ లేదు. తర్వాత చపాతీ కర్రలా వచ్చి పోతోంది" అంది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, షాపులో సిలిండర్ పవర్‌కి యాక్సిస్ రాసినట్టే కోణం కొలిచాను. నాది ఉత్తరం నుంచి 85 డిగ్రీలు, దానిది 95. ఇంటికొచ్చాక పటంతో చూస్తే దూలం దాదాపు తూర్పు పడమరలుగా ఉంది, మేమిద్దరం దానికి చెరోవైపు కాస్త తప్పాం. అమ్మాయి పడమటి చివరన, ఉత్తరంవైపు విరిగిన చిన్న తోక ఒకటి గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అక్కడ నిజంగానే చేయి మొదలవుతుంది. నాకు అది కనబడలేదు. పదిహేనేళ్ల కన్నుకీ నలభై ఏడేళ్ల కన్నుకీ ఆ మాత్రం తేడా ఉంటుందని రోజూ అందరికీ చెప్పేవాణ్ణి నేనే.

మావయ్య చివరన కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. పీటను ఇటో మాటు, అటో మాటు తిప్పి, బాగా తిరుగుతోందని మెచ్చుకున్నాడు.

"ఏటి కనబడింది మావయ్యా?"

"ఏటీ నేదు బాబూ. అద్దం మీద ఆవిరి పట్టినట్టుంది, తుడిచీసి చూపించు."

ఆవిరి లేదు, టార్చి వేసి చూశాను. గొట్టాన్ని అగస్త్యుడి మీదికి తిప్పి మళ్లీ చూడమన్నాను. అంత వెలుగున్న చుక్క చుట్టూ కూడా రింగులున్నాయన్నాడు. ఎడమ కంటితో చూడమంటే రింగులు లేవు, చుక్క సూదిమొనలా ఉందన్నాడు. కుడికంటికి శుక్లం ముదురుతున్నట్టుంది.

సోమవారం పొద్దున్న పదింటికి షాపుకి వస్తానని ఒట్టేయించుకున్నాను. రాకపోతే నేనే బండి వేసుకుని వెళ్తాను. పీట కింద ఒక టెఫ్లాన్ ముక్క వదులైంది, అది కూడా అప్పుడే సరిచేయించాలి.